సుబ్బరావమ్మ ఆపద గది

పేరయ్య ఇంట్లో చీరకు అంత తేలిగ్గా చావు వచ్చేది కాదు. సుబ్బరావమ్మ దాన్ని మొదట పెళ్ళిళ్ళకు కట్టేది, తరవాత సంతకు కట్టేది, ఆ తరవాత చేలోకి కట్టేది. చిరుగు పట్టాక మధ్యకు చింపి, అంచులు లోపలికి వచ్చేట్టు తిరగేసి కుట్టి ఇంకొన్నాళ్ళు నడిపేది. అప్పటికీ ప్రాణం ఉంటే అది బొంతలో పొర అయ్యేది. బొంత చివికిపోతే బిందె కింద చుట్టకుదురు అయ్యేది. చుట్టకుదురు విడిపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది. ఆఖరికి ఆ మసిగుడ్డ పీలికలు దీపంలో వత్తులై వెలుగుతుంటే, ఆ వెలుగులో కూర్చుని ఆమె ఇంకో చీరకు కుట్లు వేసుకునేది.

పర్చూరుకు అవతల, వాగు ఒడ్డున ఉండే ఈదులపాలెంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. సుబ్బరావమ్మ టీపొడిని రెండుసార్లు మరిగించి, మూడోసారి కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. ఆ చెట్టు ఆకు వేస్తే చారు కూడా టీ వాసన వస్తుందని పక్కింటి జైతున్‌బీ అనేది. జైతున్‌బీకి వీధిలోకి తలుపు తెరిచిన చిన్న కొట్టు ఉంది. పక్కనే కొట్టు ఉండి కూడా సుబ్బరావమ్మ బేరం ఒక్కటీ తగలక, ఆమె దిష్టి పెట్టినట్టు ఇటువైపు చూసి నిట్టూర్చేది.

టార్చిలైటు నీరసిస్తే సుబ్బరావమ్మ బ్యాటరీలు తీసి గోడ మీద ఎండబెట్టేది. అవి కాస్త కళ్ళు తెరిచి, రెండు రోజులు వెలిగి, మళ్ళీ మూసుకునేవి. కొత్త బ్యాటరీలు ఇంట్లో లేక కాదు. పడమటి వైపు సామాను గదిలో ఉన్నాయి. కానీ అవి ఆపదకు.

ఆ గదిలో ఉన్నవన్నీ ఆపదకే. కిరసనాయిలు డబ్బా, బియ్యం డ్రమ్ము, బెల్లం కుండ, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, నులక తాళ్ళు, కొబ్బరి మోకు, టార్పాలిన్ పట్ట, పెట్రోమాక్స్ లైటు, ఊరంతటికీ అన్నం ఉడికే డేగిసా, ఎండు గోంగూర, చింతపండు, ఊరగాయ జాడీలు. తలుపుకు అరచేయంత తాళం. తాళంచెవి ఆమె మెళ్ళో, పుస్తెల పక్కనే. ఊళ్ళోవాళ్ళు దాన్ని ‘ఆపద గది’ అనేవారు. కుర్రకారు ‘సుబ్బరావమ్మ బ్యాంకు’ అనేవారు. వేయడమే గాని తీయడం లేని బ్యాంకు.

ఒకసారి పేరయ్యకు పన్ను సలిపి దవడ బూరెలా ఉబ్బింది. ఆ గదిలో లవంగాలు ఉన్నాయని గుర్తొచ్చి, చెంప పట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు.

“రెండు లవంగాలు తియ్యవే. పుణ్యముంటది.”

సుబ్బరావమ్మ అతని నోట్లోకి తొంగిచూసింది. “నొప్పే కదయ్యా. ఆపద కాదుగా,” అంది. అని ఉప్పునీళ్ళు కాచి ఇచ్చింది.

ఆమెను పిసినారి అనడం ఊరికి సులువు. పేరయ్యకు మాత్రం అంత సులువు కాదు. ఆమె పుట్టిల్లు నిజాంపట్నం వైపు. డెబ్బై ఏడు ఉప్పెన వచ్చినప్పుడు ఆమె పెళ్ళి కాని పిల్ల. ఇల్లు పోయింది, గొడ్లు పోయాయి. ప్రాణాలు మిగిలినవాళ్ళు గుడి మెరక మీద చేరారు. కొట్టుకొచ్చిన బియ్యం బస్తా ఒకటి దొరికింది గాని, నిప్పు లేదు. తడిసిన చితుకులు, తడిసిన బట్టలు, తడిసిన మనుషులు. నానిన బియ్యం నములుతూ, “ఒక్క అగ్గిపెట్టె పొడిగా ఉంటే పిల్లలకు గంజి కాచిపోసేదాన్ని గదా” అని వాళ్ళమ్మ ఏడ్చిన ఏడుపు సుబ్బరావమ్మ చెవుల్లోంచి ఎప్పటికీ పోలేదు. కాపరానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి ఒకేసారి చెప్పింది. మళ్ళీ చెప్పలేదు. గది మాత్రం నింపుతూ పోయింది.

అందుకే పేరయ్య ఆ గది జోలికి వెళ్ళి దెబ్బలాడలేదు. దొంగతనం చేశాడు.

మొదట చేసింది బెల్లం కోసమే. సుబ్బరావమ్మ మిరప కోతలకు కూలీల వెంట చేలోకి వెళ్ళింది. ఇంట్లో ఒక్కడే ఉన్న పేరయ్యకు నాలిక చచ్చిపోయి, ఎర్రటి బెల్లం ముక్క కళ్ళ ముందు ఆడింది. ఆ తలుపు ముందు నిలబడి తాళం వైపు చూశాడు. తాళం ఉక్కు పిండం. దాన్ని పట్టుకున్న గొళ్ళెం మాత్రం మూడు మరల మీద నిలబడి ఉంది. మరలు ఊడదీస్తే తాళం తాళంలాగే వేలాడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇంతమాత్రం ఇన్నాళ్ళూ తోచలేదేమా అని పేరయ్య తనను తానే కోప్పడ్డాడు.

బెల్లంతో ఆగితే కథ లేకపోయేది. ఆ ఏడు కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదికి అకాల వాన ముంచుకొస్తే, పొరుగు చేను జయరావు ఒగరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. “ఒరేయ్ పేరయ్యా, మీ ఇంట్లో పట్టేమన్నా ఉందంట్రా? నా కాయ మొత్తం తాలై పోద్దిరా!” అన్నాడు. చిన్ననాటి నుంచీ కలిసి తిరిగినవాడు. పేరయ్యకు కాదనే గుణం పుట్టుకతోనే లేదు. గబగబా మరలు ఊడదీసి పట్ట తెచ్చిచ్చాడు. “మా ఆడదానికి చెప్పమాక,” అన్నాడు. కాయ దక్కింది. “పేరయ్యదిరా మనసంటే! వెన్న!” అని జయరావు టీకొట్టు దగ్గర నలుగురిలో అన్నాడు.

ఆ మాట బెల్లం కన్నా తియ్యగా ఉంది.

ఇక అడిగినవాడికి అడిగినంత. జైతున్‌బీ కొడుకు బుడాన్‌కు ట్రాక్టరు మీద పత్తి బోరాలు కట్టుకోవడానికి మోకు కావాలంటే మోకు ఇచ్చాడు. కరెంటు పోయిన రోజుల్లో కొట్లో పెట్టుకోమని పెట్రోమాక్స్ లైటూ వాడికే ఇచ్చాడు. జయరావు ఆయిల్ ఇంజనుకు కిరసనాయిలు ఇచ్చాడు. కింది వీధిలో గేదె ఒక్కటే తోడుగా బతికే ముసలి వెంకయ్యకు బియ్యం మోశాడు. మొన్న రంజాన్‌కు జైతున్‌బీకి డేగిసా పంపాడు. ఇచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట: “మా ఆడదానికి తెలియనియ్యమాకండి.” ఊరు నోరు మూసుకుంది. మూసుకుని, పిసినారి భార్యకు దడిసి చాటుగా పెట్టుకునే పాపం మంచివాడని పేరయ్య మీద జాలిపడింది.

తీసిన ప్రతిదాని స్థానంలో ఏదో ఒకటి పెట్టాలి కదా. కిరసనాయిలు డబ్బాలో నీళ్ళు పోసి, వాసన కోసం పైన కొంచెం కిరసనాయిలు తేల్చాడు. బియ్యం డ్రమ్ములో ఊక నింపి పైన దోసెడు బియ్యం పరిచాడు. బెల్లం కుండలో తాటాకు చుట్టిన ఇటుకలు. పట్ట ఉన్నచోట మడతపెట్టిన యూరియా సంచులు. డేగిసా మీద కప్పిన గుడ్డ కింద బోర్లించిన పేడగంప. తొలకరికి ముందు సుబ్బరావమ్మ ఏటా ఒకసారి తలుపు తీసేది. లోపల ఎలుకల మందు చల్లి ఉంటుందని గడప దాటేది కాదు. అక్కణ్ణుంచే అన్నింటినీ కళ్ళతో తడిమి, కొత్తగా తెచ్చినవి గడప లోపలగా పెట్టి, తృప్తిగా తాళం వేసేది. ఆ తృప్తి చూసినప్పుడల్లా పేరయ్య పెరట్లోకి జారుకునేవాడు. వచ్చే ఏడు అన్నీ కొని పెట్టేయాలని అనుకునేవాడు. వచ్చే ఏడూ అదే అనుకునేవాడు.

రెండువేల ఆరులో దీపావళి, రంజాన్ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. ఆ వారమే సముద్రంలో వాయుగుండం పుట్టిందని రేడియో చెప్పింది. సుబ్బరావమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి, రేడియో దగ్గర చెవి పెట్టి వింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న చుట్టం బస్సు దిగాడని కబురు వచ్చినట్టు ఆమె మొహం అదోలా అయింది. లేచి, కొంగు బిగించి, దొడ్లో పత్తికంప మోపులు వంటింట్లోకి చేరేసింది.

వాన మొదలైంది. అది కురిసినట్టు లేదు, పైనుంచి ఎవరో గుమ్మరించినట్టు ఉంది. రాత్రంతా గుమ్మరించి, తెల్లవారినా చేయి తీయలేదు. పొద్దెక్కేసరికి వాగు గట్టు తెగింది. మొన్న నాటిన మిరప నారు, పూత మీదున్న పత్తి, అన్నీ ఒకటే ఎర్రనీళ్ళు. వీధిలోకి మోకాళ్ళ లోతు వచ్చింది, కాసేపట్లో తొడలు దాటింది.

ఊళ్ళో ఆ వైపు నడుమెత్తు అరుగులున్నది పేరయ్య ఇంటికే. మొదట జైతున్‌బీ వచ్చింది, నెత్తిన సంచి, చంకలో రెండు కోళ్ళు. వెనకే బుడాన్. తరవాత జయరావు, అతని భార్య, తల్లి. ఆ తరవాత లెక్కలేదు. అరుగుల మీదా నట్టింట్లోనూ మనుషులు కిక్కిరిసి, తడిసిన పిల్లలు చలికి పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డారు. సుబ్బరావమ్మ ఎవర్నీ కాదనలేదు. పాత బొంతలన్నీ తెచ్చి పిల్లల మీద కప్పింది. ఆ బొంతల్లో సుబ్బరావమ్మ పెళ్ళినాటి చీర ఏదో, తోడికోడలి సీమంతం చీర ఏదో గుర్తుపట్టి జయరావు తల్లి ముచ్చటపడింది.

మధ్యాహ్నానికి వంటింట్లో ఉన్న రోజువారీ బియ్యం పిల్లలకు గంజి అయిపోయింది. వాన తగ్గలేదు. సుబ్బరావమ్మ గుమ్మంలోకి వచ్చి వీధి చూసింది, ఆకాశం చూసింది, బొంతల్లో ముడుచుకున్న పిల్లల్ని చూసింది. మెళ్ళోంచి తాళంచెవి పైకి తీసింది.

“వచ్చింది,” అంది నెమ్మదిగా. “గది తీస్తా.”

పేరయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

“ఏందీ వచ్చింది?” అన్నాడు.

“ఆపద.”

“ఇదా?” పేరయ్య నవ్వబోయాడు గాని నవ్వు సగంలో విరిగింది. “ఇది ఆపదేందే? వాన! రేపటికి తగ్గిపోద్ది. ఇంతకన్నా పెద్దది వస్తే అప్పుడేం చేస్తావ్? ఆగు. తొందరపడమాక.”

సుబ్బరావమ్మ అతని వైపు వింతగా చూసింది. ఇన్నేళ్ళ కాపరంలో ఆమె మాట అతని నోట్లోంచి రావడం అదే మొదలు.

“వీధిలో పడవేస్తే పోయేంత నీళ్ళున్నయ్యయ్యా.”

“అదే మరి! పడవే లేదుగా! పడవ వచ్చినప్పుడు చూద్దాం,” అన్నాడు పేరయ్య. తనేం అంటున్నాడో తనకే తెలియలేదు.

జైతున్‌బీకి ఒళ్ళు మండింది. “ఏందన్నా, నువ్వేనా ఈ మాటనేది? నీ మనసు వెన్నంటిమే! పిల్లలు ఆకలికి అల్లాడుతుంటే వదిన తీస్తానంటదా, నువ్వు వద్దంటావా?”

“అది గాదు జైతున్‌బీ...”

“ఏది గాదు?”

పేరయ్య తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. సుబ్బరావమ్మ అతని రెక్క పట్టి పక్కకు జరిపింది. కూలీలతో సమానంగా మిరప బస్తాలు ఎత్తిన చేయి అది. తాళంచెవి తిప్పింది. ఏళ్ళుగా మరలు ఊడి బిగిసి, బిగిసి ఊడి వదులైపోయిన గొళ్ళెం, తాళంతో సహా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

ఆమె దాన్ని చూసింది. మొగుణ్ణి చూసింది. లోపలికి నడిచింది.

మొదట బియ్యం డ్రమ్ములో చేయి పెట్టింది. మోచేతిదాకా ఊక. బెల్లం కుండలో చేయి పెట్టింది. ఇటుక. గుడ్డ లాగింది. పేడగంప. కిరసనాయిలు డబ్బాలోది దీపంలో పోయించి, పొయ్యిలో మిగిలిన ఆఖరి కొరివితో వత్తి ముట్టించబోతే వత్తి చిటచిటలాడి ఏడ్చింది. వెనక నిలబడి చూస్తున్నవాళ్ళలో ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుగా జయరావుకు అర్థమైంది. అతను మెల్లగా బుడాన్ వైపు చూశాడు. బుడాన్ వాళ్ళమ్మ వైపు చూశాడు. జైతున్‌బీ సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచేసింది.

“ఎవరు?” అంది సుబ్బరావమ్మ.

“నేనే,” అన్నాడు పేరయ్య.

ఆమె తిట్టలేదు. గూట్లోంచి అగ్గిపెట్టెల కట్ట తీసింది. వాటి మీద చుట్టిన కాగితం చుట్టినట్టే ఉంది. ఒకటి తెరిచి పుల్ల గీసింది. మందు పొడిలా రాలిపోయింది. ఇంకోటి గీసింది. అదీ అంతే. కట్టంతా విప్పి గీస్తూ పోయింది. ఒక్కటీ అంటుకోలేదు.

“ఇవి గూడా నువ్వేనా?”

“లేదే. నీ మీదొట్టు. ఇవి ముట్టుకోలా.”

“మరేమైంది వీటికి?”

“నెమ్మెక్కినయ్. గాలాడని గదిలో ఇన్నేళ్ళు... వాటంతట అవే.”

కొవ్వొత్తులు ఎలుకలు తిని దారాలు మిగిల్చాయి. కొత్త బ్యాటరీలు పగిలి తెల్లటి సుద్ద కక్కాయి. సుబ్బరావమ్మ ఆ అగ్గిపెట్టెలు ఒళ్ళో వేసుకుని గడప మీద కూలబడింది. పేరయ్య ఊక పోసినదానికి కాదు, ఇటుక పెట్టినదానికి కాదు, ఆ రాలిన మందు చూసి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎందుకో అక్కడ ఒక్క పేరయ్యకే తెలుసు. ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చునే మొహం లేక నిలబడిపోయాడు.

జైతున్‌బీ వచ్చి సంచిలోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. “ఇది నిప్పులాంటిది వదినా. మొన్ననే సరుకు తెచ్చా.”

“నీ దగ్గరవి నెమ్మెక్కవా?”

“నెమ్మెక్కేదాకా నిలవుంచే సరుకు నాకేడుంది? తెచ్చినియ్యి తెచ్చినట్టే అయిపోతయ్.” కాస్త ఆగి, గొంతు తగ్గించి, “వదినా, ఆ డేగిసా మా ఇంట్లో ఉంది. రంజాన్‌కు పేరయ్యన్న పంపాడు. అది నీదని తెలుసు, నీకు తెలియదని గూడా తెలుసు,” అంది.

అక్కడితో గట్టు తెగింది. “పట్ట నా దగ్గరుంది చెల్లెమ్మా, మా అటక మీద,” అన్నాడు జయరావు నేల చూస్తూ. “కిరసనాయిలు కాల్చేశాగానీ, మా డబ్బా నిండుగా ఉంది, అదిస్తా.” “మోకు, లైటు మా షెడ్లో ఉన్నయ్యత్తా,” అన్నాడు బుడాన్. “లైటుకు మొన్ననే కొత్త వాషరు, కొత్త మాంటిల్ వేయించా. భగ్గుమంటది.”

సుబ్బరావమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. చివరికి మొగుడి మొహం.

“నేను కడుపు కట్టుకుని కూడబెట్టా. నువ్వు చేతికి ఎముక లేకుండా పంచావు. ఊళ్ళో నేను పిసినిగొట్టు ముండని, నువ్వు వెన్నముద్దవి. అంతేనా?”

పేరయ్య తల ఊపాడు. అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

“ఆ మాట నీ చెవిన పడినప్పుడు, అది మా ఆవిడ సొమ్మురా అని ఒక్కరితోనన్నా అన్నావా?”

అనలేదు. అంతలో వీధిలోంచి కేక వినిపించింది. కింది వీధిలో వెంకయ్య, పశువుల పాకలో రాట పట్టుకుని నిలబడి, “ఒరేయ్ పేరిగా! నేను రాను! గేదెను ఇడిసి నేను రాను!” అని అరుస్తున్నాడు. రమ్మని ఎవరూ పిలవకుండానే.

సుబ్బరావమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. అప్పటిదాకా గడప మీద కూర్చున్న మనిషి, లేచేసరికి కల్లంలో కూలీల్ని అదిలించే మనిషి అయింది. “బుడానూ, మోకు తే. డేగిసా, లైటు గూడా తే. జయరావన్నా, పట్ట తెచ్చి దొడ్లో పొయ్యి మీద కట్టండి. ముసలాయన్ని ఎవరు తెస్తారు?”

“నేను,” అన్నాడు పేరయ్య. ఆమె చూపు ముందు నిలబడేకన్నా నీళ్ళలో పడడం నయమనిపించింది.

మోకు నడుముకు కట్టుకుని దిగాడు. రెండో కొస అరుగు మీద జయరావు, బుడాన్ పట్టుకున్నారు. నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. కాళ్ళ కింద ఏమేం తగులుతున్నాయో ఆలోచించకుండా, ఆంజనేయస్వామిని తలుచుకుంటూ పాక చేరాడు. గేదె మెడ ఎత్తి బుసలు కొడుతోంది. వెంకయ్య దాని కొమ్ము పట్టుకుని మాట్లాడుతున్నాడు.

“తాతా, నడువ్. గేదెను గూడా తోలుకుపోదాం.”

“బియ్యమో?”

“ఏ బియ్యం?”

“నువ్విచ్చినయ్యేరా. అటక మీద పెట్టా. ముట్టుకోలా.”

“తినమనిస్తే ముట్టుకోకపోవడమేంది తాతా?”

“ఆపదకు ఉంటాయని దాచా,” అన్నాడు వెంకయ్య.

పేరయ్యకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అటక ఎక్కి, యూరియా సంచిలో మూతి బిగించిన బియ్యం మూట దించి నెత్తిన పెట్టుకున్నాడు. గేదె తప్పిపోతుందేమోనని దాని పలుపు తన నడుముకున్న మోకుకే ముడివేశాడు. వెంకయ్య తోక పట్టుకున్నాడు. “ఊఁ, లాగండి!” అని పేరయ్య కేక వేశాడు.

వాళ్ళు లాగే అవసరం రాలేదు. ఎత్తరుగుల మీద మనుషుల్నీ, పొడినేలనూ చూసిన గేదె ఒక్కసారి రంకె వేసి కదిలింది. నెత్తిన మూట జారకుండా రెండు చేతులా పట్టుకున్న పేరయ్య, కాళ్ళు నేలకు ఆనకుండా, వీధి పొడుగునా నీళ్ళ మీద ఊరేగాడు. తిరనాళ్ళలో ఘటం మోసేవాడు కూడా అంత ఠీవిగా ఉండడు. అరుగు మీద మోకు పట్టుకున్న ఇద్దరూ గేదెకు దారి వదిలి చెరోవైపు దూకారు. గేదె మెట్లెక్కి, అరుగు దాటి, పేరయ్యనూ, తోక పట్టుకున్న వెంకయ్యనూ ఈడ్చుకుంటూ నట్టింట్లోకి వచ్చి నిలబడి, ఒళ్ళు విదిలించింది. అప్పటిదాకా కాస్తో కూస్తో పొడిగా ఉన్నవాళ్ళందరూ తడిసిపోయారు.

బొంతల్లోంచి పిల్లలు మొదట నవ్వారు. తరవాత జైతున్‌బీ కోళ్ళు జారవిడిచి మరీ నవ్వింది. నేల మీద బోర్లా పడ్డ పేరయ్య తల పైకెత్తి చూస్తే, సుబ్బరావమ్మ పెదాలు బిగించి మూట వైపు చూస్తోంది.

“బియ్యం తడిసినియ్యా?” అంది.

“లేదు,” అన్నాడు.

“అయితే లే.”

ఆ సాయంత్రం దొడ్లో జయరావు కట్టిన పట్ట కింద పత్తికంప మంట భగభగ లేచింది. జైతున్‌బీ అగ్గిపుల్ల ఒక్కదానికే అంటుకుంది. డేగిసాలో అన్నం ఉడికింది. ఎండు గోంగూర, చింతపండు, గదిలో పేరయ్య చేయి పడని ఊరగాయ జాడీలు. వాటి జోలికి అతను ఎప్పుడూ పోలేదు, అలాంటి ఎరుపు ఇటుకపొడితో తీసుకురాలేమని తెలుసు. వెంకయ్య గేదె పాలతో పిల్లలకు టీ కాచారు. టీపొడి ఒకేసారి మరిగించారు. చీకటి పడుతుంటే బుడాన్ పెట్రోమాక్స్ లైటుకు గాలికొట్టి పట్ట కింద వేలాడదీశాడు. అది నిజంగానే భగ్గుమంది. గదిలోనే ఉండి ఉంటే దాని వాషరూ ఎండి పిగిలిపోయేదేనని బుడాన్ అన్నాడు. ఆ మాట సుబ్బరావమ్మ వింది. వినీ విననట్టు, జయరావు తల్లికి మారు వడ్డించింది.

“పొదుపు చేసిన చెయ్యేనమ్మా ఇది? ఇంత నెయ్యి పోస్తున్నావ్!” అంది ముసలామె.

“నెయ్యి గాదు పెద్దమ్మా, నూనె. చాల్లే తిను,” అంది సుబ్బరావమ్మ.

నీళ్ళు తీయడానికి రోజులు పట్టింది. అంతవరకూ ఆ డేగిసా పొయ్యి దిగలేదు. జనం తలా ఇంత తెచ్చి అందులో వేశారు. ఎవరింటికి వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆమె చేతులు పట్టుకుని వెళ్ళారు. జయరావు టీకొట్టు దగ్గర, తన కాయను ఆనాడు కాపాడింది చెల్లెమ్మ పట్ట అని నలుగురిలో చెప్పాడు. పేరయ్య అక్కడే ఉన్నాడు. “అవున్రా, అది మా ఆవిడదే,” అన్నాడు. అనడానికి అంత కష్టమేమీ లేదని అప్పుడు తెలిసింది.

ఇంట్లో మాత్రం కష్టంగానే ఉంది. సుబ్బరావమ్మ అతనితో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, మాట లేదు. చెప్పాల్సినవన్నీ బుడాన్ ద్వారా చెప్పించేది. “బుడానూ, గదికి కిటికీ కొట్టించమని మీ మామకు చెప్పు. గాలాడాలి.” పేరయ్య అక్కడే, జానెడు దూరంలో ఉండేవాడు. “సరేనని మీ అత్తకు చెప్పరా,” అనేవాడు. కిటికీ వచ్చింది. గొళ్ళెం మళ్ళీ పెట్టలేదు. వచ్చినవాళ్ళు కావలసింది అడిగి పట్టుకెళ్ళొచ్చు, తొలకరి నాటికి మంచిదాన్ని తెచ్చి పెట్టాలి. ఇది ఆమె పెట్టిన కట్టుబాటు. అగ్గిపెట్టెలు మాత్రం ఆమె నెలనెలా జైతున్‌బీ కొట్లోనే కొనడం మొదలుపెట్టింది. పాతవి వంటింట్లోకి, కొత్తవి గదిలోకి. జైతున్‌బీ ఆ బేరాన్ని నమ్మలేక మొదటిసారి ఆమె ఒంట్లో బాగుందా అని అడిగింది.

చేను మళ్ళీ దున్నాల్సి వచ్చింది. మెరక మడిలో జయరావు పోసుకున్న నారు మిగిలితే సగం వీళ్ళకు ఇచ్చాడు. మంచు విడిచిన పొద్దున కూలీలు వంగి నారు నాటుతున్నారు. సుబ్బరావమ్మ గట్టు మీద నిలబడి అదిలిస్తోంది. పేరయ్య పార భుజాన వేసుకుని ఓ మూల నిలబడి ఉన్నాడు, ఎవరైనా ఏదైనా చెబితే బాగుండునని. ఆ రోజు బుడాన్ కూడా లేడు, బోరాలు వేసుకుని గుంటూరు వెళ్ళాడు. సుబ్బరావమ్మ చుట్టూ చూసింది. మాట చేరవేసే మనిషి దొరకలేదు.

“ఏమయ్యో!” అంది.

పేరయ్య తుళ్ళిపడి వెనక్కి చూసుకున్నాడు.

“నిన్నే. ఆ కింది మడిలో నీళ్ళు నిలుస్తన్నయ్. నారు కుళ్ళిపోద్ది. కాలవ తియ్యి.”

“తీస్తా! ఇప్పుడే తీస్తా!” అని పేరయ్య పార దించాడు. ఇన్నాళ్ళ మౌనం తరవాత విన్న మొదటి మాట అది. చెమటలు కారుతున్నా ఆగకుండా, తల ఎత్తకుండా, మట్టి రెండువైపులా చిమ్ముతూ, తెలిసీ తెలియని పాటేదో కూనిరాగం తీస్తూ తవ్వుకుపోయాడు. మడి దాటాడు. గట్టు దాటాడు.

“ఒరేయ్ పేరిగా!” పొరుగు చేలోంచి జయరావు గావుకేక పెట్టాడు. “నా చేలోకొచ్చి, వరదకు పోగా మిగిలిన నా పత్తి తవ్వుతున్నావేందిరా నీ దుంపతెగ! ఆపు!”

పేరయ్య ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. గట్టు మీద సుబ్బరావమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. కూలీలు నాటు ఆపి ఆమెను చూస్తున్నారు.